ఆహార భద్రత శిక్షణ ధ్రువపత్రం ఎవరి పేరు మీద ఉండాలి? జడ్చర్లలో కొత్త హోటల్ విషయమై సలహా కావాలి

పాలమూరు పొయ్యి (జడ్చర్ల):

సభ్యులందరికీ నమస్కారం. జడ్చర్ల దాటాక 44వ నంబరు జాతీయ రహదారి పక్కన, కుటుంబాలు ఆగి భోజనం చేసి వెళ్ళేలా ఒక హోటల్ తెరవబోతున్నాం. ఇద్దరు వంట మాస్టర్లు, జొన్న రొట్టెలకు ఒక ఆమె, హెల్పర్లు, సప్లయర్లు, గిన్నెలు కడిగేవాళ్ళు కలిపి పద్దెనిమిది మంది అవుతారు. రాష్ట్ర లైసెన్సుకు ఫోస్కాస్ అనే ఆహార లైసెన్సుల పోర్టల్‌లో దరఖాస్తు చేశాం. మా కాగితాల పని చూస్తున్న ఏజెంటు, 'ఫోస్టాక్' అనే ఆహార భద్రత శిక్షణ పొందిన పర్యవేక్షకుడు ఒకరు ఉండాలని చెప్పి, ఆ వెంటనే, ఎవరూ తరగతికి రానక్కర లేదనీ, ఆధార్ నకలు, కొంత సొమ్ము పంపితే ధ్రువపత్రం ఇంటికే వస్తుందనీ అంటున్నాడు. గల్లా మీద కూర్చునేది మా బావమరిది, డిగ్రీ చదివాడు కాబట్టి ఆయన పేరు ఇద్దామని ఇంట్లో అందరూ అంటున్నారు. చట్టం నిజంగా ఏమి అడుగుతోంది, ఎవరిని పంపితే ఉపయోగం ఉంటుంది అన్నది అనుభవం ఉన్నవారు చెప్పగలరని రాస్తున్నాను.

విశ్రాంత తనిఖీదారు (సూర్యాపేట):

ముందు చట్టం సంగతి చెబుతాను. మనకు వర్తించేది 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, దాని కింద వచ్చిన 2011 లైసెన్సింగ్ నిబంధనలు. ఆ నిబంధనల నాలుగో షెడ్యూలులో వంటశాల నేల దగ్గర నుంచి వంటవాడి గోళ్ళ దాకా పాటించవలసిన పరిశుభ్రత అంతా రాసి ఉంది, హోటళ్ళకు, కేటరింగ్‌కు ప్రత్యేకంగా ఒక భాగమే కేటాయించారు. సిబ్బందికి వారి పనికి తగిన శిక్షణ ఇప్పించే బాధ్యత లైసెన్సు తీసుకున్న వ్యాపారిదే. 2017లో కేంద్ర ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఫోస్టాక్ కార్యక్రమాన్ని తెచ్చి, కేంద్ర లేదా రాష్ట్ర లైసెన్సు ఉన్న ప్రతి చోటా, ఆహారాన్ని తాకే ప్రతి 25 మందికి కనీసం ఒక శిక్షణ పొందిన పర్యవేక్షకుడు ఉండాలని చెప్పింది. మీకు పద్దెనిమిది మందే కాబట్టి లెక్క ప్రకారం ఒకరు చాలు. ధ్రువపత్రం రెండేళ్ళు చెల్లుతుంది, తరువాత మళ్ళీ శిక్షణ తీసుకోవాలి.

దానితో పాటు సిబ్బందిలో ప్రతి ఒక్కరికీ ఏడాదికోసారి రిజిస్టర్డ్ వైద్యుడితో పరీక్ష చేయించి, అంటువ్యాధులు లేవని రాయించి, ఆ పత్రాలు హోటల్లోనే ఉంచాలి. టైఫాయిడ్ వంటి పేగు జ్వరాలకు టీకాలు వేయించాలి. చాలామంది శిక్షణ పత్రం గోడకు తగిలించి ఈ వైద్య పత్రాలను మరిచిపోతారు. తనిఖీలకు వెళ్ళే రోజుల్లో నేను మొదట అడిగేది వీటినే.

ఇక ఏజెంటు మాట. తనిఖీకి వచ్చిన అధికారి ధ్రువపత్రంలో పేరున్న మనిషిని పిలిచి, వండిన మాంసాన్ని ఎంత వేడి మీద ఉంచుతున్నారని అడిగితే ఆయన గల్లా లోంచి లేచి వచ్చి నీళ్ళు నములుతాడు. అప్పటి నుంచి ఆ అధికారి మీ దగ్గరున్న ప్రతి కాగితాన్నీ అనుమానంతోనే చూస్తాడు. తరగతికి వెళ్ళకుండా తెచ్చుకున్న పత్రం తప్పుడు పత్రమే, అందులో ఏ వెసులుబాటూ లేదు.

అరవై ఐదో రోడ్డు (నార్కట్‌పల్లి):

విజయవాడ రహదారి మీద చాలా కాలంగా హోటల్ నడుపుతున్నవాడిగా ఒక మాట. బావమరిది పేరు వద్దు. మా దగ్గర మొదట మేనేజర్‌కే శిక్షణ ఇప్పించాను. ఆయన పగలు పది నుంచి రాత్రి ఎనిమిది వరకు ఉంటాడు. మా అసలు రద్దీ రాత్రి పదకొండుకు బస్సులు ఆగినప్పుడు మొదలవుతుంది. ఆ సమయంలో మధ్యాహ్నం మిగిలిన కూరను మళ్ళీ పొయ్యి మీద పెట్టాలా, పారబోయాలా అన్న నిర్ణయం ఇరవై ఏళ్ళ హెల్పర్ చేతిలో ఉండేది. పర్యవేక్షకుడు అనేవాడు పొయ్యి వెలుగుతున్నంతసేపూ అక్కడ ఉండే మనిషి అయితేనే ఆ పేరుకు అర్థం. అందుకే ఇప్పుడు మా దగ్గర ఇద్దరు, పగటి మాస్టరు ఒకరు, రాత్రి మాస్టరు ఒకరు. చట్టం ఒకరినే అడిగినా షిఫ్టుకు ఒకరు ఉండాలన్నది నా అభిప్రాయం.

మరొకటి, నూనె. వేయించిన నూనెలో పోలార్ కాంపౌండ్లు (మళ్ళీ మళ్ళీ కాచినప్పుడు నూనెలో పుట్టే చెడు పదార్థాలు) 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదన్న నియమం 2018 జులై నుంచి అమలులో ఉంది. రోజుకు 50 లీటర్లకు పైన నూనె వాడేవారు రికార్డు రాయాలి, పాత నూనెను అనుమతి ఉన్న సేకరణదారుకే ఇవ్వాలి. మా సాయంత్రం మిర్చి బజ్జీల కళాయి దగ్గర నిలబడేవాడికి ఇది తెలియకపోతే, మేనేజర్‌కు ఎంత తెలిసినా లాభం లేదు.

ముప్పై ఏళ్ళ గరిటె (మిర్యాలగూడ):

పెద్దలు క్షమించాలి, నేను వంట మాస్టర్ని, యజమానిని కాను. ఇక్కడ అందరూ మమ్మల్ని శిక్షణకు పంపే సంగతే మాట్లాడుతున్నారు, ఆ శిక్షణ ఎలా ఉంటుందో ఎవరూ చెప్పడం లేదు. నన్ను ఒకసారి పంపారు. ఒక ఫంక్షన్ హాల్లో సగం రోజు కూర్చోబెట్టి, తెర మీద ఆంగ్లంలో రాసిన బొమ్మలు చూపించి, చివర టిక్కులు పెట్టే కాగితం ఇచ్చారు. జవాబులు పక్కవాడు చెప్పాడు. ఆ పూట జీతం కోసుకున్నారు, ఛార్జీలు నేనే పెట్టుకున్నాను. మూడు వందల మందికి బగారా అన్నం, దాల్చా వండి పెట్టే చేతికి చేతులు కడుక్కోమని బొమ్మ చూపిస్తే ఏం నేర్చుకుంటాం? అన్నం చెడిందో లేదో మూత తీయగానే నాకు తెలుస్తుంది.

పాఠం చెప్పే మనిషి (మహబూబ్‌నగర్):

మాస్టరు గారూ, మీరు చెప్పిన తరగతి నిజంగా జరిగే ఉంటుంది, అలాంటివి నేనూ చూశాను. కానీ మీ చివరి వాక్యంతో నేను ఒప్పుకోలేను. పులిసిన అన్నం, బూజు పట్టిన కూర వాసనతో తెలుస్తాయి. మనిషిని ఆసుపత్రికి పంపేవి మాత్రం వాసన ఇవ్వకపోవచ్చు.

బగారా అన్నమే తీసుకోండి. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉంటాయి. అన్నం ఎంత ఉడికినా అవి చావవు. మధ్యాహ్నం పన్నెండుకు దించిన హండీని మూత పెట్టి అలాగే వదిలేస్తే, పై భాగం చల్లగా అనిపించినా నడుమ భాగం సాయంత్రం దాకా గోరువెచ్చగానే ఉంటుంది. ఆ గోరువెచ్చదనంలోనే బీజాలు మొలిచి, పెరిగి, విషాన్ని వదులుతాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. అందుకే 'రాత్రికి బాగా కాచి పెట్టాం సార్' అన్న జవాబు ఎంత నిజాయితీగా చెప్పినా పనికిరాదు. మాంసం కూరల్లో, దాల్చాలో క్లాస్ట్రిడియం అనే మరో జీవిది దాదాపు ఇదే కథ, పెద్ద పాత్రలో నెమ్మదిగా చల్లారడమే దానికి అనుకూలం.

నియమం సులువైనదే. వేడి పదార్థం 60 డిగ్రీల పైన ఉండాలి, చల్లనిది 5 డిగ్రీల లోపు ఉండాలి, ఆ రెంటి నడుమ ఎంత తక్కువ సేపు ఉంటే అంత మంచిది. దాచవలసిన అన్నాన్ని హండీలోంచి తీసి, లోతు తక్కువ ఉన్న స్టీలు ట్రేల్లో పలచగా పరిచి, రెండు గంటల్లోపు 60 నుంచి 21 డిగ్రీలకు దింపి, ఆ వెంటనే ఫ్రిజ్‌లోకి పంపాలి. నా తరగతిలో నేను తెర వాడను. అదే హోటల్ వంటగదిలోకి వెళ్ళి, ఉదయం హండీలో ఉంచిన అన్నం నడుమ ఒక ముల్లు థర్మామీటర్ గుచ్చి, పక్కన ట్రేలో పరిచిన అన్నంలో ఇంకొకటి గుచ్చి, గంట తరువాత రెండూ మాస్టర్ల చేతనే చదివిస్తాను. ఆ అంకెలు చూశాక ఎవరూ వాదించరు.

ముప్పై ఏళ్ళ గరిటె (మిర్యాలగూడ):

థర్మామీటర్ మాట బాగుంది. కానీ ఆ ట్రేలు ఎక్కడ పెట్టాలి? మా వంటగదిలో ఉన్నది ఒక్క డీప్ ఫ్రీజర్, దాని నిండా చికెన్, పైన ఐస్‌క్రీం. అన్నం పరచడానికి బల్ల లేదు, ఫ్యాను తగలదు. యజమాని ట్రేలు కొనడు, ఫ్రిజ్ కొనడు, పర్యవేక్షకుడిగా నా పేరు మాత్రం గోడ మీద ఉంటుంది. రేపు ఎవరికైనా కడుపు నొప్పి వస్తే అందరూ నా వైపే చూస్తారు.

విశ్రాంత తనిఖీదారు (సూర్యాపేట):

మాస్టరు గారి భయానికి జవాబు చట్టంలోనే ఉంది. అపరిశుభ్ర పరిస్థితుల్లో ఆహారం తయారు చేస్తే 56వ సెక్షన్ కింద లక్ష రూపాయల వరకు జరిమానా పడుతుంది. తాను చేసినా, తన తరఫున మరొకరు చేసినా ఆ బాధ్యత తప్పదని అందులో స్పష్టంగా ఉంది. లోపాలు కనిపిస్తే 32వ సెక్షన్ కింద సవరణ నోటీసు వెళ్ళేది లైసెన్సుదారుకే, సరిదిద్దుకోవడానికి కనీసం పద్నాలుగు రోజులు గడువు ఉంటుంది. ఆహారం వల్ల మనిషి చనిపోతే 65వ సెక్షన్ ప్రకారం అయిదు లక్షలకు తగ్గని పరిహారం కట్టవలసి రావచ్చు. పర్యవేక్షకుడిని పెట్టడం యజమాని తన బరువును కిందివాడి నెత్తికి ఎత్తడం కోసం కాదు. హోటళ్ళ తనిఖీ పట్టికలో నక్షత్రం గుర్తు పెట్టిన అంశాలు కొన్ని ఉంటాయి, వాటిలో ఏది తప్పినా మిగతా మార్కులు ఎన్ని వచ్చినా నిలవవు. ఆ పట్టిక ప్రాధికార సంస్థ వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. జడ్చర్ల మిత్రుడు వంటగది గోడలు లేపకముందే దాన్ని దగ్గర పెట్టుకుంటే, ట్రేల బల్ల ఎక్కడ వేయాలో అప్పుడే తేలిపోతుంది.

దేవరకొండ నుంచి ఫ్రీమాంట్:

నేను కాలిఫోర్నియాలో ఒక భారతీయ రెస్టారెంటులో కిచెన్ మేనేజర్‌గా పని చేస్తున్నాను, ఊరు దేవరకొండ దగ్గర. ఇక్కడి పద్ధతి మాస్టరు గారి జీతం కోత విషయంలో పనికొస్తుందని రాస్తున్నాను. ఇక్కడ ప్రతి రెస్టారెంటులోనూ పరీక్ష పాసైన మేనేజర్ స్థాయి మనిషి ఒకరు ఉండాలి, ఆ ధ్రువపత్రం అయిదేళ్ళు చెల్లుతుంది. అది కాక వంటవాళ్ళు, వడ్డించేవాళ్ళు పనిలో చేరిన ముప్పై రోజుల్లోపు ఫుడ్ హ్యాండ్లర్ కార్డు తెచ్చుకోవాలి, అది మూడేళ్ళకోసారి మార్చుకోవాలి. 2024 జనవరి 1 నుంచి వచ్చిన మార్పు ఏమిటంటే, ఆ కార్డు ఖర్చు యజమానే భరించాలి, చదువుకునే సమయాన్నీ పరీక్ష సమయాన్నీ పని గంటలుగా లెక్కించి జీతం ఇవ్వాలి, ఆ సేపు వేరే పని చెప్పకూడదు, కార్డు ముందే ఉంటేనే ఉద్యోగం ఇస్తానని అనకూడదు. మా దగ్గర గిన్నెలు కడిగే మెక్సికో పెద్దాయన స్పానిష్‌లోనే పరీక్ష రాశాడు. అంతకు ముందు సొంత డబ్బు పెట్టుకోవాల్సిన రోజుల్లో కుర్రవాళ్ళు ఏదో ఒకటి నొక్కి పాసైతే చాలనుకునేవారు. ఇప్పుడు కనీసం కూర్చుని చూస్తున్నారు.

అరవై ఐదో రోడ్డు (నార్కట్‌పల్లి):

అమెరికా సంగతి వేరండీ. ఇక్కడ బీహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చిన కుర్రవాడు ఛఠ్ పండుగకో, పెళ్ళికో వెళితే తిరిగి వస్తాడన్న నమ్మకం లేదు. ఖర్చు పెట్టి నేర్పిస్తే మూడు నెలలకు పక్క ఢాబాలో రెండు వేలు ఎక్కువ ఇస్తే వెళ్ళిపోతాడు. పర్యవేక్షకులకు నేను పెడతాను, పెట్టాను కూడా. ప్రతి హెల్పర్‌కూ పెట్టమంటే చిన్న హోటళ్ళకు సాధ్యం కాదు.

పాఠం చెప్పే మనిషి (మహబూబ్‌నగర్):

ప్రతి హెల్పర్‌నూ ధ్రువపత్రం తరగతికి పంపమని ఇక్కడ చట్టం కూడా అడగడం లేదు. పర్యవేక్షకుడు నేర్చుకుని వచ్చి మిగిలినవారికి నేర్పాలి. అది జరగడానికి అరగంట చాలు. కొత్తవాడు చేరిన రోజునే చేతులు ఎప్పుడెప్పుడు కడగాలి, పచ్చి మాంసం కత్తి, పీట ఏవి, జ్వరమో విరేచనాలో వస్తే ఎవరికి చెప్పాలి అన్న మూడు విషయాలు చెప్పి, రిజిస్టరులో సంతకం పెట్టించండి. మూడోది చాలా ముఖ్యం. జీతం కోస్తారన్న భయంతో విరేచనాలతో బాధపడుతూనే ఉల్లిపాయలు కోసే మనిషి వల్ల జరిగే నష్టం ముందు ఒక రోజు కూలీ లెక్కలోకి రాదు.

కారణం చెప్పకుండా ఇచ్చే ఆదేశం ఎలా విఫలమవుతుందో 2024లోనే చూశాం. ఆ అక్టోబరు 30న రాష్ట్ర ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను ఏడాది పాటు నిషేధించింది. జిల్లాలో కొన్ని మండీ, షవర్మా సెంటర్లకు వెళ్ళినప్పుడు గుడ్డు లేని డబ్బా తెచ్చి వాడుతున్నారు, మంచిదే. కానీ మూత తీసిన డబ్బాను ఎండలో, మంట పక్కన రోజంతా ఉంచుతున్నారు. గుడ్డు వద్దన్నారని తెలుసు, ఎందుకు వద్దన్నారో ఎవరూ చెప్పలేదు.

కర్రీ పాయింట్ అమ్మ (నల్లగొండ):

అందరికీ నమస్కారం. నాది ప్రకాశం బజారు వైపు చిన్న కర్రీ పాయింట్. నేను, మా కోడలు, ఇంకొక మనిషి, అంతే. మాది లైసెన్సు కాదు, చిన్న వ్యాపారాలకు ఇచ్చే రిజిస్ట్రేషన్. మాకూ ఈ పర్యవేక్షకుడు కావాలా? ఇంకొక సందేహం కూడా ఉంది. మాది మొదటి నుంచి బోరు నీళ్ళే, భగీరథ నల్లా ఈ మధ్యనే వచ్చింది. నీళ్ళు మరిగించి వాడితే సరిపోతుందని మా కోడలు అంటుంది.

విశ్రాంత తనిఖీదారు (సూర్యాపేట):

అమ్మా, 25 మందికి ఒకరన్న నియమం లైసెన్సు ఉన్నవారికి. మీ వంటి చిన్న వ్యాపారులకు నాలుగో షెడ్యూలు మొదటి భాగం వర్తిస్తుంది, అందులో నీళ్ళు, చేతులు, చెత్త, మూతలు, కీటకాల వంటి మౌలికమైన సంగతులే ఉంటాయి. శిక్షణ కావాలనుకుంటే వీధి వ్యాపారులకూ చిన్నవారికీ ఫోస్టాక్‌లో వేరుగా తరగతులు ఉన్నాయి, మీరైనా కోడలైనా వెళ్ళవచ్చు.

నీళ్ళ సంగతి నల్లగొండలో మామూలు ప్రశ్న కాదు. మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి, నిజమే. ఫ్లోరైడ్ మాత్రం మరిగించినా పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో దాని పాలు ఇంకా పెరుగుతుంది. తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా ఓర్చుకోవచ్చు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. అంత దూరం ఎందుకు, మీకు నల్లా నీళ్ళు వస్తున్నాయి కదా, వంటకూ తాగడానికీ అవే వాడండి. బోరు నీటితో నేల కడుక్కోండి. పప్పు, కూరలు పాలిథిన్ సంచుల్లో కట్టేటప్పుడు మరిగే వేడి మీద కట్టకండి, అది అడగకపోయినా చెబుతున్నాను.

పాలమూరు పొయ్యి (జడ్చర్ల):

అందరికీ ధన్యవాదాలు. ఏజెంటుకు వద్దని చెప్పేశాను, బావమరిదికి కొంచెం కోపం వచ్చింది. రెండో మాస్టరు బరంపురం మనిషి, మా దగ్గరే గదిలో ఉంటాడు, ఉదయం పొయ్యి వెలిగించేదీ రాత్రి ఆర్పేదీ ఆయనే. ఆయనను పంపాలని నిర్ణయించాం. ఖర్చు మాదే, ఆ రోజు జీతం కూడా ఇస్తాం. కానీ ఆయనకు తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు, హిందీ చదువుతాడు. ఇక రెండోది, వచ్చే ఏడు భూత్‌పూర్ దగ్గర ఇంకొకటి తెరిచే ఆలోచన ఉంది. సిబ్బంది అక్కడ ఆరుగురే, ఇక్కడివారితో కలిపినా ఇరవై అయిదుకు మించరు. ఒక్క పర్యవేక్షకుడు రెండింటికీ సరిపోతాడా?

పాఠం చెప్పే మనిషి (మహబూబ్‌నగర్):

భాష సమస్య కాదు. ఫోస్టాక్ పోర్టల్‌లో తరగతుల జాబితా చూసి, కేటరింగ్ విభాగంలో హిందీలో జరిగేదాన్ని ఎంచుకోండి, డబ్బు కట్టకముందే శిక్షణ సంస్థకు ఫోన్ చేసి పరీక్ష కూడా హిందీలోనే ఉంటుందా అని అడగండి. మామూలు వంటవాడికి ప్రాథమిక స్థాయి చాలు. మీరు ఆయన మీద వంటగది మొత్తం పెడుతున్నారు కాబట్టి పైస్థాయి తరగతికి పంపడం మేలు. ఆయన తిరిగి వచ్చేలోగా ముల్లు థర్మామీటర్ ఒకటి కొని ఉంచండి, పెద్ద ధర కాదు. గ్లాసు నిండా నలగ్గొట్టిన ఐసు వేసి కొద్దిగా నీళ్ళు పోసి అందులో ముంచితే సున్నా చూపాలి. చూపకపోతే దుకాణానికి తిరిగి ఇచ్చేయండి.

విశ్రాంత తనిఖీదారు (సూర్యాపేట):

రెండో ప్రశ్నకు జవాబు, సరిపోడు. లైసెన్సు స్థలాన్ని బట్టి ఇస్తారు, భూత్‌పూర్ వంటగదికి వేరే లైసెన్సు, వేరే పద్నాలుగు అంకెల నంబరు వస్తుంది, బిల్లుల మీద కూడా ఆ నంబరే వేయాలి. ఆరుగురే ఉన్నా లెక్క ఆ చోటికి మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది, కాబట్టి అక్కడ ఇంకొకరికి శిక్షణ ఇప్పించాలి.

దేవరకొండ నుంచి ఫ్రీమాంట్:

కాలిఫోర్నియాలోనూ ఇంతే. ఒక చోట పేరు రాసిన మేనేజర్‌ను మరో రెస్టారెంటుకు చూపించడానికి వీలు లేదు.

ముప్పై ఏళ్ళ గరిటె (మిర్యాలగూడ):

జడ్చర్ల సార్, భూత్‌పూర్‌కు మాస్టరు కావాలంటే ఇక్కడే సందేశం పెట్టండి. ట్రేలు, ఫ్రిజ్ ఎన్ని ఉంటాయో ముందే చెప్పాలి.